సెన్సర్ మీది దుమ్ము మచ్చలు: ఆషాఢంలో పట్టుకుని శ్రావణంలో వదిలాయి

2024 జూలై 12, శుక్రవారం సాయంత్రం అనంతపురం కమలానగర్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని ఫోన్ చేసేదాకా నా కెమెరాలో తేడా ఉందన్న సంగతి నాకు తెలియదు. అంతకు ముందు ఆదివారం తాడిపత్రిలోనూ గండికోటలోనూ తీసిన ఫొటోలతో పాటు, తాడిపత్రి దారిలోని గాలిమరల ఫొటోలు కొన్నిటిని కలిపి, ఒక విద్యాసంస్థ గోడ క్యాలెండరు కోసం పన్నెండింటిని ఎంచి ఆయనకు ఇచ్చి ఉన్నాను. "సార్, గుడి పైన, లోయ పైన, గాలిమరల కాడ, అన్నిట్లో ఒకే చోట ఒక చుక్క ఉంది. ముందు మా ప్లేటు మీద మచ్చేమో అనుకుంటిమి. తుడిచినా పోలేదు" అన్నారాయన. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాటికి శివకాశిలో కొత్త క్యాలెండర్ల నమూనాలు బయటికి వచ్చేస్తాయి కాబట్టి, మన ఊరి ప్రెస్సులు కూడా ఆలోపే తమ నమూనాలను సిద్ధం చేసుకోవాలని చూస్తాయి. నాకు ఇచ్చిన గడువు జూలై 20.

ఆ రాత్రి ఫైళ్ళను తెరిచి, పూర్తి పరిమాణంలో పెట్టి చూస్తే ఆయన చెప్పిన చుక్క ఒక్కటే కాదు. నీలాకాశమంతా అంచులు చెదిరిన బూడిదరంగు మచ్చలు ముప్పైకి పైగా కనిపించాయి. నా కెమెరా ఆరు వేల పిక్సెళ్ళ వెడల్పున ఫొటో తీస్తుంది. అందులో ఇరవై పిక్సెళ్ళ మచ్చ అంటే తెర మీద ఉందా లేదా అన్నట్టే ఉంటుంది కానీ, అదే ఫొటోను పద్దెనిమిది అంగుళాల వెడల్పున అచ్చువేస్తే దాదాపు మిల్లీమీటరున్నర చుక్కగా గోడ మీద ఏడాదంతా వేలాడుతుంది. నెలల తరబడి తీసిన ఫొటోలను వెనక్కి వెళ్ళి చూశాను. మే నెలలో పెళ్ళిలో తీసిన వాటిలో ఏమీ లేదు. జూన్ చివర తీసిన మేఘాల ఫొటోల్లో నాలుగైదు మచ్చలు ఉన్నాయి. గండికోట నుంచి వచ్చాక అవి గుంపుగా మారాయి. పెళ్ళి ఫొటోల్లో కనబడకపోవడానికి అసలు కారణం వేరని మరునాడు తెలిసింది.

శనివారం పొద్దున మొదట చేసిన పని, మచ్చ లెన్సులో ఉందా, లోపల సెన్సర్ (కాంతిని ఫొటోగా మార్చే పలక) మీద ఉందా అని తేల్చుకోవడం. రెండు లెన్సులు మార్చి తీసినా మచ్చలు ఫొటోలో అదే స్థానంలో ఉన్నాయి కాబట్టి లెన్సు నిర్దోషి అని తేలింది. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోంచి చూస్తే మరికొన్ని నలకలు కనిపించి కాసేపు కంగారుపెట్టాయి కానీ, అవి కెమెరా లోపలి అద్దం పైనున్న ఫోకసింగ్ తెర మీదివి, ఫొటోలోకి రావు. ఈ రెంటినీ కలిపేసుకుని భయపడేవాళ్ళు చాలామంది ఉంటారని తరువాత దుకాణంలో విన్నాను.

ఇక అపర్చర్, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, సంగతి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/16 దగ్గర స్పష్టంగా ఉన్న మచ్చ ఎఫ్/8 దగ్గర పలచబడింది, ఎఫ్/4 దగ్గర పూర్తిగా మాయమైంది. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడిని కనుక ఇక్కడ కాసేపు ఆగక తప్పలేదు. దుమ్ము వాలేది పిక్సెళ్ళ మీద కాదు, వాటి ముందున్న గాజు ఫిల్టరు మీద. ఆ గాజు పైముఖానికీ పిక్సెళ్ళకూ మధ్య ఒక మిల్లీమీటరు ఎడం ఉందనుకుంటే, ఎఫ్/4 దగ్గర ఒక్కో బిందువు వైపు వచ్చే కాంతి ఆ గాజును దాటేటప్పుడు పావు మిల్లీమీటరు వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఎఫ్/16 దగ్గర అది మిల్లీమీటరులో పదహారో వంతుకు సన్నబడుతుంది. నలక అంతే ఉన్నా, వెడల్పైన కాంతిలో దాని నీడ చెదిరిపోతుంది, సన్నని కాంతిలో గట్టిపడుతుంది. ట్యూబులైటు కింద వేలి నీడ చెదిరినట్టుండి, సెల్‌ఫోన్ టార్చి ముందు అదే నీడ గీసినట్టు పడటం లాంటిదే ఇది. పెళ్ళి ఫొటోలన్నీ నేను ఎఫ్/2.8, ఎఫ్/4 దగ్గరే తీశాను. అంటే అప్పటికే మచ్చలు ఉండి కూడా కనబడకపోయి ఉండవచ్చు.

మచ్చలను లెక్కకు తెచ్చే పరీక్ష తేలికైనదే. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/22, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి అనంతానికి తిప్పి, దగ్గర్లోని తెల్లకాగితాన్నో ఖాళీ కంప్యూటర్ తెరనో ఫ్రేము నిండా పెట్టి, ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజరులో కెమెరాను కావాలనే అటూ ఇటూ కదుపుతూ తీయాలి. కదలడం వల్ల కాగితం మీది గీతలు కలిసిపోతాయి, సెన్సర్ మీది నలకలు మాత్రం కెమెరాతో పాటే కదులుతాయి కనుక నిలిచిపోతాయి. ఆ ఫొటోలో కాంట్రాస్టు బాగా పెంచి చూసినప్పుడు నాకు గుండె జారింది. మధ్యలో కొన్నే ఉన్నాయి కానీ, పై అంచు పొడవునా చల్లినట్టున్నాయి. అందులో రెండు మాత్రం మిగతావాటిలా లేవు. గుండ్రంగా, చుట్టూ నల్లని వలయంతో, మధ్యలో కాస్త తేటగా ఉన్నాయి. వాటి కథ తరువాత వస్తుంది.

కెమెరాకు తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. ఆ గాజు ఫిల్టరును చాలా వేగంగా కంపింపజేసి నలకలను దులిపే ఈ పద్ధతి 2003లో ఒలింపస్ ఇ-1తో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీల కెమెరాల్లోనూ ఉంది. కెమెరాను బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి ఆ పనిని పలుమార్లు చేయించాను. కొన్ని నలకలు రాలాయి, మరికొన్ని కాస్త జరిగి వేరేచోట కూర్చున్నాయి. పొడి దుమ్ముకు ఇది పనికొస్తుంది. అంటుకున్న దానికి పనికిరాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గండికోటలో లెన్సు మార్చకుండా ఆ రోజు పని జరిగేది కాదు. పెన్నా లోయను వెడల్పుగా తీయడానికి ఒకటి, అవతలి గట్టు మీది రాతి పొరలను దగ్గరగా తీయడానికి ఇంకొకటి కావాలి. ఆషాఢం గాలి ఆ గట్టు మీద ఎలా ఉంటుందో అక్కడ నిలబడినవాళ్ళకు తెలుసు. దానికి తోడు, వచ్చే దారిలో తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిషింగ్ యూనిట్ల తెల్లని మెత్తని పొడి కారు అద్దం మీదే పొరగా పేరుకుంది. మన ప్రాంతంలో బయట తిరిగే ఏ ఫొటోగ్రాఫరూ దీన్ని తప్పించుకోలేడు.

గడువు దగ్గర పడుతుండటంతో కెమెరాను పక్కన పెట్టి, ముందు ఫొటోలను బాగుచేయడానికి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫొటోలోని మచ్చలన్నిటినీ తుడిచి, ఆ దిద్దుబాట్లనే మిగతా ఫొటోల మీదకూ అతికించవచ్చు. మచ్చల స్థానాలు మారవు కాబట్టి ఆకాశం ఖాళీగా ఉన్నచోట అది చక్కగా కుదిరింది. లోయ గోడల మీద పడ్డ మచ్చలు రాతి పొరల్లో కలిసిపోయి ఎవరికీ కనబడవు గనుక వాటిని వదిలేశాను. బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాల చెక్కడాల మీద పడ్డవి నాకే కనబడలేదు. చిక్కల్లా గాలిమరలతో వచ్చింది. ఒక ఫొటోలో రెక్క అంచు మీద సరిగ్గా మచ్చ పడితే, సాఫ్ట్‌వేర్ పక్కనున్న ఆకాశాన్ని తెచ్చి అక్కడ అతికించి రెక్కను కొరికేసింది. అటువంటివాటిని ఒక్కొక్కటిగా చేత్తో దిద్దవలసి వచ్చింది. పొడుగు ఫొటోల్లో ఇంకో తిరకాసు ఉంది: కెమెరాను నిలువుగా తిప్పి తీసినవాటిలో మచ్చలన్నీ పక్క అంచుకు వస్తాయి. మూడు రాత్రులు అదే పనయింది. జూలై 20 మధ్యాహ్నానికి ఫైళ్ళు ఇచ్చేశాను.

ఈలోగా జూలై 13న సుభాష్ రోడ్డు వైపు ఒక కెమెరా దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడే. "ఇట్లివ్వండి సార్, ఐదు నిమిషాల్లో కొట్టిస్తా" అంటూ పక్కనున్న కంప్యూటర్ల దుకాణంలోని గాలి కంప్రెసర్ వైపు చూపించాడు. నేను కెమెరాను సంచిలోంచి తీయలేదు. కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, నూనె తుంపర ఉంటాయి. ఒత్తిడికి, సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ రెక్కలు వంగిపోగలవు. డబ్బాల్లో అమ్మే గాలి కూడా వద్దు, డబ్బాను కాస్త వంచితే లోపలి ద్రవం చిమ్మి గాజు మీద గడ్డకడుతుంది. నోటితో ఊదడం గురించి చెప్పనక్కర్లేదు. చేత్తో నొక్కి గాలి ఊదే రబ్బరు బ్లోయరు మన ఊళ్ళో దొరకలేదు కనుక ఆన్‌లైన్‌లో 650 రూపాయలకు ఆర్డరు పెట్టాను. అది జూలై 18న వచ్చింది. కొత్త రబ్బరు బుడ్డి లోపల తయారీనాటి పొడి మిగిలి ఉండవచ్చు, అందుకని ముందు దాన్ని బయట గాలిలోకి చాలాసార్లు నొక్కి వదిలాను. నల్లటి గుడ్డ ముందు నొక్కినప్పుడు నిజంగానే కాస్త తెల్లని పొడి వచ్చింది. ఆ పొడి సెన్సర్ మీద పడి ఉంటే ఏమయ్యేదో.

జూలై 21, ఆదివారం ఉదయం బ్లోయరు పని పెట్టుకున్నాను. బ్యాటరీ నిండుగా ఛార్జి చేయడం తప్పనిసరి, ఎందుకంటే మెనూలో "సెన్సర్ శుభ్రపరచుట" ఎంచినప్పుడు అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, మనం కెమెరా ఆపేదాకా అలాగే నిలబడతాయి. మధ్యలో ఛార్జి అయిపోతే అవి మన పనిముట్టు మీద పడతాయి. నా కెమెరాలో ఛార్జి తగినంత లేకపోతే మెనూలోని ఆ వరుస అసలు వెలగనే వెలగదు. అద్దం లేచాక లోపల మొదటిసారి సెన్సర్‌ను చూశాను. నీలి, ఊదా రంగుల మెరుపుతో అది అంత చిన్నగా, అంత నిర్మలంగా కనబడితే, దాని మీద ముప్పై నలకలు ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. వాటిలో ఒక్కటి కూడా కంటికి కనబడలేదు.

కెమెరా నోరు నేల వైపు ఉండేలా ఒక చేత్తో పట్టుకుని, బ్లోయరు ముక్కు మౌంటు (లెన్సు బిగించే నోరు) లోపలికి పోకుండా కిందనుంచి పైకి ఊదాను. రాలిన దుమ్ము కిందకే పడాలి. ఫ్యాను ఆపేశాను. "ఫ్యాను వేసుకోనీకి కూడా లేదా?" అని మా ఆవిడ గుమ్మంలోంచి అడిగింది, పావుగంటలో చొక్కా తడిసిపోయింది. లెన్సుల వెనుక మూతలను, కెమెరా మూతను కూడా దులిపాను. ఈ మూతల లోపలి మరల్లోనే దుమ్మంతా దాక్కుని, ప్రతిసారీ లెన్సు వెనుక గాజుకు అంటుకుని లోపలికి చేరుతుందని అప్పుడు గమనించాను. పరీక్ష ఫొటోలో మచ్చలు ఏడెనిమిదికి తగ్గాయి. ఆ రెండు వలయాలు మాత్రం వెంట్రుకవాసి కూడా జరగలేదు.

వలయాలు దుమ్ము కావు, కందెన నూనె చుక్కలు. షట్టర్, అద్దం కదిలే యంత్రంలోంచి సూక్ష్మమైన తుంపర ఒక్కోసారి సెన్సర్ మీద పడుతుంది. ఇది అరుదేమీ కాదు. 2012లో వచ్చిన నికాన్ డీ600లో ఈ మచ్చల గొడవ ఎంత పెరిగిందంటే, 2014లో ఆ కంపెనీ వారంటీ ముగిసినవాళ్ళకు కూడా షట్టర్‌ను ఉచితంగా మార్చి ఇచ్చింది. నా కెమెరా అది కాదు, చుక్కలూ రెండే. అయినా తడి గుడ్డ తగిలితే తప్ప నూనె వదలదు. సెన్సర్‌కు తడి గుడ్డ తాకించే ధైర్యం అప్పటికి నాకు లేదు. పదిహేడేళ్ళుగా ప్రయోగశాలలో గాజు సామాను తుడుస్తున్న చేతులే ఇవి. కానీ ఆ గాజు పగిలితే యాభై రూపాయలు, ఈ గాజు మీద గీత పడితే కెమెరా ధరలో సగం.

కాబట్టి బెంగళూరు. అనంతపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదు కంటే దగ్గర. జూలై 26, శుక్రవారం సెలవు పెట్టి తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కాను. సర్వీసు సెంటరులో టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. లెన్సు, బ్యాటరీ, మెమరీ కార్డు, భుజం పట్టీ అన్నీ తీసి నాకే ఇచ్చేసి, ఒట్టి కెమెరాను మూతతో తీసుకున్నారు. సీరియల్ నంబరు, బయటి గీతలు ఒక్కొక్కటిగా రాసుకున్నారు. సెన్సర్ మీద ఇదివరకే గీతలుంటే అవి శుభ్రం చేశాక బయటపడవచ్చని, అందుకు తమ బాధ్యత లేదని రాసి ఉన్న కాగితం మీద సంతకం అడిగారు. ఆ సంతకం పెట్టేటప్పుడు చేయి కాస్త తడబడింది. రుసుము 1,500, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 270, మొత్తం 1,770 రూపాయలు. నేను నా పరీక్ష ఫొటోను కాగితం మీద అచ్చువేయించి, ఆ రెండు వలయాల చుట్టూ పెన్నుతో గుర్తుపెట్టి తీసుకెళ్ళాను. కౌంటరులో ఉన్నామె దాన్ని కెమెరాకు పిన్నుతో జతచేసింది. వెళ్ళేవాళ్ళు ఇలా ఒక కాగితం తీసుకెళ్ళడం మంచిది. నోటితో చెప్పింది లోపలున్న టెక్నీషియను దాకా చేరుతుందన్న నమ్మకం లేదు.

మూడు పనిదినాలు అన్నారు. సందేశం ఆగస్టు 1న వచ్చింది, నేను ఆగస్టు 3, శనివారం వెళ్ళి తెచ్చుకున్నాను. కౌంటరు దగ్గరే పరీక్ష ఫొటో తీసి చూపించారు, అది శుభ్రంగానే ఉంది. కానీ వాళ్ళు తీసింది ఎఫ్/11 దగ్గర. ఇంటికొచ్చి మరునాడు ఎఫ్/22 దగ్గర తీస్తే ఒక వలయం పోయి ఒకటి పలచగా మిగిలి ఉంది. పై అంచున మూడు నాలుగు నలకలు అలాగే ఉన్నాయి. కొత్తగా వంకర తిరిగిన ఒక సన్నని పోగు కూడా కనబడింది. ఫోన్ చేస్తే, తాము ఎఫ్/11 వరకే పరీక్షిస్తామని, పదిహేను రోజుల్లోగా తెస్తే మళ్ళీ ఉచితంగా చేస్తామని చెప్పారు. పోగు వాళ్ళ దగ్గరే పడిందని నేను అనలేను. లెన్సు బిగించింది నేనే, బస్సు ప్రయాణం ఉంది, మా ఇంటి గాలి ఉంది. బ్లోయరుతో ఒక్కసారి ఊదితే అది ఎగిరిపోయింది కూడా. కానీ పలచని ఒక్క వలయం కోసం మళ్ళీ రెండు సెలవులు, రెండు విడతల బస్సు ఖర్చు అంటే ఆ ఉచితం నాకు ఉచితం కాదు.

ఆగస్టు 5న తడి స్వాబ్‌లకు ఆర్డరు పెట్టాను. స్వాబ్ అంటే ప్లాస్టిక్ కాడ చివర పోగులు రాలని మెత్తని గుడ్డ చుట్టిన పనిముట్టు. సెన్సర్ పరిమాణాన్ని బట్టి దాని వెడల్పు ఉంటుంది: 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్‌కు 24 మిల్లీమీటర్లది, చిన్న ఏపీఎస్-సీ సెన్సర్‌కు 16 మిల్లీమీటర్లది. సరిపడే వెడల్పుంటే ఒక్క తుడుపులోనే పై అంచు నుంచి కింది అంచు దాకా గాజంతా వస్తుంది. పన్నెండు స్వాబ్‌లు, చిన్న సీసాలో ద్రవం కలిపి 1,850 రూపాయలు. అన్ని వస్తువులూ మూడు నాలుగు రోజుల్లో వస్తున్న ఈ కాలంలో ఇది ఆగస్టు 14 దాకా రాలేదు. మండే స్వభావమున్న ద్రవం కాబట్టి దాన్ని విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి అని కొరియరు కుర్రవాడు చెప్పాడు. శుభకార్యాల ఫొటోలు తీసేవాళ్ళు ముహూర్తం ముందు ఆర్డరు పెట్టుకుంటే కుదరదన్నమాట.

వచ్చిన రోజే చేయలేదు. నాకు తోచినంతలో, ఈ పనిలో ఏ కంపెనీ స్వాబ్ వాడామన్న దానికంటే ఏ చోట, ఏ వేళ చేశామన్నదే ముఖ్యం. ద్రవం తగిలిన గాజు మీద ఆరేలోపు ఒక్క నలక పడితే అది అతుక్కుపోతుంది. మా వీధిలో శ్రావణంలో కూడా పగలు తలుపు తీస్తే సన్నని ఎర్రదుమ్ము గడప దాటి వస్తుంది. ఆగస్టు 16 రాత్రి, మరునాడు కూడా వాన పడింది. 18, ఆదివారం తెల్లవారాక వీధి తడిగా ఉంది, గాలి నిలిచిపోయి ఉంది. ఇంతకంటే మంచి ముహూర్తం నాకు దొరకదనుకున్నాను.

స్నానాల గదిని ఎంచుకున్నాను. గుడ్డలు, తువ్వాళ్ళు అన్నీ బయట పెట్టించి, గీజరు వేడినీళ్ళు పది నిమిషాలు వదిలి గదంతా ఆవిరి పట్టనిచ్చి, తలుపు మూసి, అరగంట ఆగాను. ఆవిరి కిందకు దిగుతూ గాలిలో తేలే దుమ్మును వెంటబెట్టుకుపోతుంది. కెమెరాను మాత్రం అద్దాల మీద ఆవిరి పూర్తిగా తగ్గాకే లోపలికి తెచ్చాను. ముందే తెస్తే సెన్సర్ మీదే చెమ్మ పట్టేది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, నూలు చొక్కా తీసేసి, నుదుటికి చెమట జారకుండా ఒక పట్టీ కట్టుకున్నాను. 350 రూపాయల తలదీపం పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మా ఆవిడ తలుపు అవతల నిలబడింది, ఎవరూ తీయకుండా కాపలా.

మొదట మళ్ళీ బ్లోయరు. ఇది వదిలేయకూడని మెట్టు. మన దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ గాజుకంటే గట్టిది. అది ఉండగా తుడిస్తే గీతలు పడేది గాజు మీదే. తరువాత కెమెరాను మౌంటు పైకి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టాను. స్వాబ్ అంచు మీద రెండు చుక్కల ద్రవం వేసి, అది గుడ్డలోకి ఇంకేదాకా కొన్ని సెకన్లు ఆగాను. సెన్సర్ ఎడమ అంచున ఆనించి, కాడను కదిలే దిక్కుకు కాస్త వాల్చి, కాడ కొద్దిగా వంగేంత ఒత్తిడితో కుడి అంచు దాకా ఆగకుండా లాగాను. అక్కడే కాడను రెండో వైపుకు వాల్చి, స్వాబ్ రెండో ముఖంతో వెనక్కి తెచ్చాను. అంతా కలిపి ఆరేడు సెకన్లు. ఆ ఆరేడు సెకన్లూ ఊపిరి తీసుకోలేదు. గాజు మీద గుడ్డ జారుతున్నప్పుడు చేతికి ఏమీ తగలలేదు, ఎక్కడా గరుకు లేదు. అది తెలియగానే భుజాల్లో బిగువు దిగిపోయింది. ద్రవం రెండు మూడు సెకన్లలో ఆరిపోయింది. వాడిన స్వాబ్‌ను రెండోసారి వాడకూడదు గనుక బుట్టలో వేశాను.

లెన్సు బిగించి, బయటికి రాకుండానే పరీక్ష ఫొటో తీశాను. వలయం లేదు! కానీ ఒక అంచున ద్రవం ఆగి ఆరిన చోట సన్నని చార పడింది. మొదటి తడి తుడుపుకు ఇలాంటి చార సాధారణమేనట, స్వాబ్‌ల పెట్టెలోని కాగితం మీద ముందే రాసి ఉంది. రెండో స్వాబ్‌కు ఒక్క చుక్కే వేసి అదే పద్ధతిలో తుడిస్తే చార పోయింది. ఒక మూల ఇంకొక నలక మిగిలింది. దాన్ని వెతికేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: లెన్సు దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి, ఫొటోలో పైన ఉన్న మచ్చ సెన్సర్ మీద కింద ఉంటుంది. ముందునుంచి సెన్సర్‌ను చూస్తున్నప్పుడు కుడి ఎడమలు మాత్రం మారవు. ఫొటోలో పై ఎడమ మూల మచ్చ మన కళ్ళకు కింది ఎడమ మూలన ఉన్నట్టు. నా మచ్చలన్నీ ఆకాశంలోనే ఎందుకు గుమిగూడాయో అప్పుడు బోధపడింది. దులిపినప్పుడల్లా దుమ్ము సెన్సర్ కింది అంచుకే జారింది, అదే ఫొటోలో ఆకాశమయింది.

మూలనున్న ఆ నలక కోసం మూడో స్వాబ్ తీయలేదు. అది ఎఫ్/22 దగ్గర తప్ప కనబడదు, నేను ఎఫ్/11 దాటడం ఇప్పుడు మానేశాను. అది దుమ్ము భయంతో కాదు. ఎఫ్/16 దగ్గర కాంతి వంగడం వల్లనే ప్రతి బిందువూ నా సెన్సర్ మీద మూడు పిక్సెళ్ళకు పైగా పరుచుకుంటుంది. అంత చిన్న అపర్చర్‌తో దగ్గరా దూరమూ కలిసి స్పష్టంగా వచ్చే లోతు కంటే పోయే పదునే ఎక్కువని పరీక్షల్లో చూశాక లోయ ఫొటోలను కూడా ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే తీస్తున్నాను.

ఖర్చు లెక్క ఇది. బ్లోయరు 650, సర్వీసు సెంటరు 1,770, బెంగళూరు రాకపోకలు, భోజనాలు 2,400, స్వాబ్‌లు, ద్రవం 1,850, తలదీపం 350, మొత్తం 7,020 రూపాయలు. క్యాలెండరుకు నాకు వచ్చింది పన్నెండు వేలు. నూనె చుక్కలు లేని మామూలు దుమ్మయితే మొదటి 650 రూపాయలతోనే పని ముగిసేది. తొలిసారి తడి తుడుపు చేయవలసి వచ్చినవాళ్ళు సర్వీసు సెంటరుకే వెళ్ళాలని నేను ఇప్పటికీ అంటాను, ముఖ్యంగా కెమెరా వారంటీలో ఉంటే. మనం గీత పెడితే వారంటీ ఆ గీతను చూసుకోదు.

తరువాత మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. బయట లెన్సు మార్చవలసి వస్తే కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించి, ఏసీ గాలి ఆపి, కెమెరాను స్విచాఫ్ చేసి, నోరు కిందికి పెట్టి మారుస్తున్నాను. అద్దం లేని కొత్తరకం కెమెరా వాడే మా సహోద్యోగికి ఈ బాధ ఎక్కువ, లెన్సు తీయగానే సెన్సర్ నేరుగా బయటపడుతుంది. 2018లో కానన్ ఈఓఎస్ ఆర్‌తో మొదలై, స్విచాఫ్ చేయగానే షట్టర్ మూసుకునే ఏర్పాటు కొన్నిటికి వచ్చింది కానీ అతనిది అటువంటిది కాదు. నెలకొకసారి మూతలను కడిగి ఆరబెడుతున్నాను.

2025 సంక్రాంతి తరువాత మళ్ళీ ఎఫ్/22 దగ్గర పరీక్ష తీశాను. ఐదారు పొడి నలకలు చేరాయి. బ్లోయరుతో అవి పోయాయి. నూనె వలయాలు తిరిగి రాలేదు. మిగిలిన స్వాబ్‌లు సీలు తీయకుండా బీరువాలో ఉన్నాయి. ద్రవం మాత్రం మూత బిగించి ఉన్నా సీసాలో ఒక వేలి మందం తగ్గింది, అందుకని మూత చుట్టూ టేపు వేసి నిటారుగా పెట్టాను.